ముప్పై ఉతుకుల మాస్కు

ప్రజారోగ్య మంత్రిగారు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ఏడు మైకుల ముందు నిలబడి, ఇకపై ఈ దేశంలో ఏ ముఖమూ దిక్కులేనిదిగా ఉండబోదని ప్రకటించారు. ప్రతి ముఖానికీ ఒక మాస్కు ఉంటుంది. అది బజారులో కొన్నది కాదు, ఒకసారి పెట్టుకుని పారేసేదీ కాదు. ఎవరింట్లో వాళ్ళు, సొంత చేతులతో, సొంత గుడ్డతో కుట్టుకున్నది. “ముప్పై సార్లు ఉతికినా మూతి మీద నిలబడే మాస్కు!” అని ఆయన బల్ల గుద్దినప్పుడు ఏడు మైకులూ ఒక్కసారే కూతపెట్టాయి. విలేకరులు దాన్ని కూడా హర్షధ్వానాల కిందే రాసుకున్నారు.

రేడియోలో ఈ వార్త వచ్చేసరికి కుట్టుపిన్ని తన మాస్కుకి ఆఖరి దారం తెంపుతోంది. ఆమెకు అసలు పేరొకటి లేకపోలేదు. నలభై ఏళ్ళుగా ఆ వీధికంతటికీ దిండు గలీబులు, కర్టెన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టడం వల్ల ఆ పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పాత నూలు దుప్పటి ఒకటి తీసి, ముందు వేడినీళ్ళలో ఉతికి ఆరేసింది. ఉతక్కుండా కత్తిరిస్తే తర్వాత కుంచించుకుపోతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు పొరలు కత్తిరించింది. తిరగేసి చుట్టూ కుట్టి, కింద రెండు వేళ్ళు పట్టేంత సందు వదిలి, అందులోంచి బయటికి లాగింది. మూడు మడతలు పెట్టి ఇస్త్రీ చేసింది. ముక్కు దగ్గర సన్నని తీగ దూర్చింది. రెండు పక్కలా ఎలాస్టిక్ వేసింది. వెలుతురుకి పట్టి చూస్తే అవతలి కిటికీ కనపడలేదు. మూతికి పెట్టుకుని వెలుగుతున్న అగ్గిపుల్ల మీద ఊదితే ఆరలేదు.

ఇంత శ్రద్ధకి కారణం దేశభక్తి అని రాసుకుంటే బాగుండేది. కాని కారణం అక్క.

అక్క తుంటి విరిగి నెల రోజులుగా పెద్దాసుపత్రి రెండో అంతస్తులో ఉంది. ఊళ్ళో అంటుజబ్బు వల్ల ఇన్నాళ్ళూ చూడ్డానికి ఎవరినీ రానివ్వలేదు, ఈ వారం నుంచి మాస్కుంటే రానిస్తారట. ఆదివారం సాయంత్రం డిశ్చార్జి. వార్డు నుంచి బండిలో నేరుగా స్టేషనుకి తీసుకుపోయి, అటునుంచి అటే కూతురి ఊరికి తీసుకెళతారు. అది రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఇద్దరి మోకాళ్ళూ కలిపి చూసినా ఆ ప్రయాణం రెండోసారి చేసే మోకాలు ఒక్కటీ లేదు. ఫోనులో మాట్లాడుకుందామంటే అక్కకి ఫోను పడదు. “మొహం కనపడని మాట కూడా ఒక మాటేనటే?” అని పెట్టేస్తుంది. అందుకని ఆదివారం లోపల ఒక్కసారి వార్డులోకి వెళ్ళి, మంచం పక్కన స్టూలు లాక్కుని, అక్క జుట్టు దువ్వి రావాలని పిన్ని పట్టుదల. ఇంతవరకూ ఆమె మనుషులు ఎవరు వెళ్ళిపోయినా, ఆమె పక్క గదిలో ఏదో పనిలో ఉండగానే వెళ్ళిపోయారు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె మాస్కు పెట్టుకుని ఆసుపత్రి గేటు దగ్గరకు వెళ్ళింది. గేటు కాపలాదారు మాస్కును కళ్ళతోనే తిప్పి తిప్పి చూశాడు.

“ఎవరు కుట్టారు పిన్నిగారూ?”

“నేనే.”

“భలే ఉందండీ. నాది చూడండి, మాట్లాడితే జారిపోతుంది.”

“ఇంటికి రా, సరిచేసి ఇస్తా. ముందు నన్ను లోపలికి వదులు.”

“సీలేదీ?”

“ఏం సీలు?”

“ఇప్పుడే ఆర్డరొచ్చిందండీ. సర్కారు సీలున్న మాస్కుంటేనే లోపలికి.”

“నీ మాస్కుకి ఉందా సీలు?”

“నేను లోపలికి వెళ్ళనుగా! గుమ్మంలో ఉండేవాడికి అక్కర్లేదండీ.”

మర్నాడు పొద్దున్నే పిన్ని మాస్కుల ధ్రువీకరణ కార్యాలయానికి వెళ్ళింది. ప్రభుత్వం ఎంత చురుగ్గా పనిచేస్తోందో ఆ కార్యాలయాన్ని చూస్తే చాలు. బోర్డు మీద రంగు ఇంకా తడిగానే ఉంది. కింద నుంచి ‘దోమల నివారణ విభాగం’ అన్న పాత అక్షరాలు తొంగిచూస్తున్నాయి. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక రబ్బరు సీలు, ఒక పర్యవేక్షకుడు. ఇంతకు ముందు దోమలను పర్యవేక్షించినాయనే. నిబంధనలను మనిషి ప్రేమించగలడని ఆయన్ని చూశాకే నమ్మబుద్ధవుతుంది.

“కుట్టు దివ్యంగా ఉందండీ. ఇక ఉతుకులు కావాలి” అన్నాడాయన.

“ఉతుకులేంటి బాబూ?”

“ముప్పై సార్లు ఉతికినా నిలబడుతుందని మంత్రిగారు అన్నారా లేదా?”

“అన్నారు.”

“అది నిలబడుతుందని నేను సంతకం పెట్టాలంటే, ముప్పై సార్లు ఉతికి చూడాలా వద్దా? నా కళ్ళముందు?”

పిన్ని ఆలోచించింది. అన్యాయం ఎక్కడుందో వేలు పెట్టి చూపించడానికి ఆమెకు సందు దొరకలేదు.

“సరే, కొళాయి ఎక్కడుంది?”

“ఇక్కడ కొళాయి లేదండీ.”

“ఇంతవరకూ ఎన్నింటికి సీలు పడిందేంటి?”

“మీదే మొదటిది.”

“పది లక్షల మాస్కులు పంచేశామని రేడియోలో చెప్పారుగా?”

“పంచాం. సీలు వేయలేదంతే.”

కొళాయి పిన్ని ఇంట్లో ఉంది కాబట్టి పర్యవేక్షకుడు పిన్ని ఇంటికే వచ్చాడు. పెరట్లో బకెట్టు పక్కన కుర్చీ వేయించుకుని, ఒళ్ళో కార్డు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో ఉతుకుకీ కార్డు మీద ఒక్కో గీత. సబ్బు పెట్టాలి, నలపాలి, జాడించాలి, పిండాలి, ఆరాలి. పూర్తిగా ఆరితేనే ఉతుకు పూర్తయినట్టు లెక్క. ఎండలో ఆరేస్తే గంటన్నర పడుతోందని పిన్ని ఇస్త్రీపెట్టె తీసింది.

“ఇస్త్రీతో ఆరబెట్టొచ్చని నిబంధనల్లో లేదండీ.”

“వద్దని ఉందా?”

ఆయన నిబంధనల కాగితం అటూ ఇటూ తిప్పాడు. “వద్దనీ లేదు” అన్నాడు, కొంచెం బాధగా.

బుధవారం సాయంత్రానికి ఆరు గీతలు పడ్డాయి. వీధిలో పిల్లలు అప్పటికే ఆయనకు ‘ఉతుకులాయన’ అని పేరు పెట్టేశారు. ఆయనకు ఆ పేరు నచ్చింది. దోమల రోజుల్లో ఇంతకంటే అన్యాయమైన పేరుతో పదేళ్ళు బతికాడట.

గురువారం పదో ఉతుకు ఆరుతుండగా వీధిలోకి మూడు కార్లు వచ్చి ఆగాయి. మొదటి కారులోంచి మంత్రిగారి కార్యదర్శి దిగాడు. రెండో కారులోంచి కెమెరాలు దిగాయి. మూడో కారులోంచి మంత్రిగారు తలుపు తీయించుకుని దిగారు. దేశంలో తొలి మాస్కును తానే స్వయంగా, ఒక సామాన్యురాలి ఇంట్లో కూర్చుని కుడతానని ఆయన నిర్ణయించుకున్నారు. సామాన్యురాలు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతుంటే ఉతుకులాయన ఫోనులో చెప్పాడట. మాట నిలబెట్టుకోవడానికి నాలుగు వీధులు దాటి వచ్చే నాయకులు ఈ రోజుల్లో ఎందరున్నారు?

మంత్రిగారు మిషన్ ముందు కూర్చున్నారు. కూర్చోగానే చక్రం ఒకసారి వెనక్కి తిరిగి దారం తెగింది. పిన్ని మళ్ళీ ఎక్కించింది.

“ఏం చేయాలమ్మా?”

“ముందు మడతలు పెట్టాలండీ. మడత అంచు కిందికి చూడాలి.”

“కిందికా?”

“అవునండీ. పైకుంటే దుమ్మూ ధూళీ అందులో నిలిచిపోతుంది.”

మంత్రిగారు కెమెరా వైపు తిరిగారు. “కిందచూపు మా ప్రభుత్వ విధానం కాదు. మనం ఎప్పుడూ పైకే చూడాలి” అని మడతలు పైకి తిప్పేశారు. కార్యదర్శి ఈ మాటను కాగితం మీద ఎక్కించుకున్నాడు. మర్నాటి నుంచీ దేశంలో మడతలన్నీ పైకే చూడాలని ఆర్డరు వచ్చింది కూడా.

అసలు ఘట్టం ఆ తర్వాతే. మంత్రిగారు గుడ్డను సూది కిందికి తోసి, కెమెరాలకు చిరునవ్వు చూపిస్తూ తొక్కడం మొదలుపెట్టారు. ఆయన చూపు కెమెరాల మీద, చేయి గుడ్డ మీద ఉంది. చొక్కా ఎడమ చేతి అంచు మెల్లిగా గుడ్డతోపాటే సూది కిందికి వెళ్ళింది. పిన్ని “అయ్యో, చెయ్యండీ, చెయ్యి!” అంది. “చేస్తున్నానమ్మా” అని మంత్రిగారు ఇంకా గట్టిగా తొక్కారు.

ఆయన లేచేసరికి మాస్కు ఆయన చొక్కా ఎడమ చేతికి నాలుగు వరసల కుట్టుతో వేలాడుతోంది. పిన్ని కత్తెర అందుకోబోతే కార్యదర్శి ఆమె చేయి పట్టుకున్నాడు. ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది.

మంత్రిగారు ఒక్క క్షణం తన చేతి వంక చూసుకున్నారు. గొప్పవాళ్ళకి ఆ ఒక్క క్షణం చాలు.

“ప్రజలకు ఉన్న అసలు సమస్య ఏమిటి? మాస్కు పోగొట్టుకోవడం! దీన్ని ఎవరైనా పోగొట్టుకోగలరా?” అని ఆయన ఎడమ చేయి మూతికి అడ్డం పెట్టుకుని, అలాగే నడిచి వెళ్ళి కారెక్కారు.

శుక్రవారం పొద్దున్నకల్లా పార్టీ కార్యకర్తలందరి ఎడమ చేతులకూ మాస్కులు మొలిచాయి. వీధుల్లో జనం ఎడమ చేయి మూతికి ఆనించుకుని తిరుగుతుంటే ఊరంతా ఒకేసారి ఏదో ఘోరం విన్నట్టుండేది. చౌరస్తాలో మంత్రిగారిని అభినందిస్తూ సభ పెట్టారు. చప్పట్లు కొట్టాలంటే మాస్కు మూతి మీంచి తీయాలి. కార్యకర్తలు ఒక్క క్షణం కూడా వెనకాడలేదు.

ఉతుకులాయన కొత్త ఆర్డరు పట్టుకుని వచ్చాడు.

“పిన్నిగారూ, మడతలు పైకి తిప్పి, చేతికి కుట్టేయాలండీ. లేకపోతే చెల్లదు.”

“పదో ఉతుకు అయిపోయిందయ్యా! మళ్ళీ మొదటికా?”

“ఆ మాట ఆర్డరులో లేదు. పది ఉన్నట్టే. మిగతా ఇరవై మాత్రం చేతితో సహా ఉతకాలి.”

పిన్నికి కోపం వచ్చింది. కాని కోపానికి ఒక ఉతుకంత సమయం పడుతుంది, ఆదివారానికి ఇక రెండు రోజులే ఉంది. పాత స్వెటరు ఎడమ చేయి కత్తిరించి, దాని చివర మాస్కు కుట్టి, ఆ చేతినే బకెట్లో ముంచింది. మడతలు తిప్పేటప్పుడు మాత్రం ఒక నిట్టూర్పు విడిచింది. చేతులారా తప్పు కుట్టడం ఆమెకు అదే మొదటిసారి.

“చొక్కా లేకుండా ఉత్త చేయేంటండీ?”

“ఒంట్లో చొక్కా కూడా ఉండాలని ఉందా ఆర్డరులో?”

ఆయన చదివాడు. “లేదు” అన్నాడు. ఈసారి బాధపడలేదు. రెండు రోజుల్లో ఆయనకు కూడా కొంచెం అలవాటయింది.

శుక్రవారం పది, శనివారం పది. శనివారం ఇరవై ఎనిమిదో ఉతుకు దగ్గర పిన్ని వేళ్ళు నాని, ముడతలు పడి, సూది గుచ్చినా తెలియనట్టయ్యాయి. ఉతుకులాయన కుర్చీలోంచి లేచి, అటూ ఇటూ చూసి, “నేను చూడాలని ఉంది గాని, ఉతకకూడదని లేదు” అని చొక్కా చేతులు మడిచి బకెట్టు దగ్గర కూర్చున్నాడు. ఆఖరి రెండు ఉతుకులూ ఆయనే ఉతికాడు. సాయంత్రం ఐదు గంటలకు కార్డు మీద ముప్పయ్యో గీత గీసి, సంతకం పెట్టి, సీలు వేశాడు. వేశాక ఆ సీలు ముద్ర వంక చాలాసేపు చూసుకున్నాడు. పదేళ్ళ ఉద్యోగంలో ఒక పని పూర్తికావడం చూడటం అదే మొదలట.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పిన్ని దువ్వెన, కొబ్బరినూనె సీసా సంచిలో వేసుకుని, స్వెటరు చేయి తొడుక్కుని, గేటు దగ్గర నిలబడింది. ఆ రోజు గేటుకి తోరణాలున్నాయి. మంత్రిగారు రెండో అంతస్తు వార్డుని సందర్శిస్తున్నారు.

కాపలాదారు సీలు చూసి సంబరపడ్డాడు. “సాధించారు పిన్నిగారూ!” అని కార్డు తీసుకుని ముందువైపు చదివాడు. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాడు. అక్కడే ఆగిపోయాడు.

“ఏమైందయ్యా?”

“‘ముప్పై ఉతుకుల తరువాత ఈ మాస్కు వాడరాదు’ అని ఉందండీ ఇక్కడ.”

“అయితే?”

“మీ ముప్పై అయిపోయాయండీ.”

పిన్ని చేయి మూతి మీంచి దానంతటదే దిగిపోయింది. గేటు పక్కనున్న అరుగు మీద కూలబడింది. పైన రెండో అంతస్తు కిటికీలకు కొత్త కర్టెన్లు కట్టారు. ఒక కర్టెన్ అంచు వంకరగా కుట్టి ఉందని ఆ స్థితిలో కూడా ఆమె కంటికి ఆనింది.

అప్పుడే లోపలి నుంచి కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవరైనా రోగి దొరుకుతారా?” అని కాపలాదారుని అడిగాడు.

“లోపల వార్డు నిండా ఉండాలి కదండీ?”

“ఖాళీ చేయించాం. మంచాలు ఖాళీగా కనపడితేనే కదా మాస్కు పనిచేసినట్టు! అన్నీ ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది, మంత్రిగారు పరామర్శించడానికి ఒక్కరైనా ఉండాలని. ఐదు నిమిషాల్లో వచ్చేస్తారయ్యా!”

ఖాళీ చేయించాం అన్న మాట వినగానే పిన్ని లేచి నిలబడింది.

“ఖాళీ అంటే? వాళ్ళని ఎక్కడికి పంపించారు?”

కార్యదర్శి ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. నెరిసిన జుట్టు, పాలిపోయిన ముఖం, నాని ముడతలు పడ్డ వేళ్ళు. ఆయన కళ్ళలో వెలుగొచ్చింది.

“అమ్మా, మీరు రోగిలా పడుకోగలరా?”

“మా అక్క ఎక్కడుంది?”

“పడుకుంటే చెబుతాను.”

“పడుకుంటా. పదండి.”

“సార్, ఈమె మాస్కు గడువు అయిపోయిందండీ” అన్నాడు కాపలాదారు. ధర్మం తప్పేవాడు కాదు.

“రోగికి మాస్కు దేనికయ్యా? సీలు బయటి నుంచి వచ్చేవాళ్ళకి. రోగి లోపలే ఉండేవాడు!”

అలా కుట్టుపిన్ని ఐదు రోజులు, ముప్పై ఉతుకులు ప్రయత్నించి వెళ్ళలేకపోయిన వార్డులోకి ఒక్క మాటతో వెళ్ళిపోయింది. నలభై మంచాలు, నలభై తెల్లటి దుప్పట్లు, ఒక్క మనిషి లేడు. ఆమెను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పారు. దుప్పటికి ఇంకా మందుల వాసన ఉంది.

మంత్రిగారు వచ్చారు. ఎడమ చేయి మూతి మీద, కుడి చేయి పిన్ని నుదుటి మీద వేశారు. మూడు రోజుల క్రితం తనకు దారం ఎక్కించి ఇచ్చిన మనిషి ముఖంలోకి వంగి చూసి, గొంతు తడిచేసుకున్నారు.

“ఎన్నాళ్ళ నుంచి తల్లీ ఈ బాధ?”

“గురువారం నుంచండీ” అంది పిన్ని.

“ఇప్పుడెలా ఉంది?”

పిన్ని కార్యదర్శి వంక చూసింది. ఆయన చేతులు జోడించి బతిమాలుతున్నాడు.

“తగ్గిపోయిందండీ. వెళ్ళిపోతా.”

మంత్రిగారు ఆమెను తన చేతులతో లేపి కూర్చోబెట్టారు. అక్కడికక్కడే డిశ్చార్జి కాగితం తెప్పించి, సంతకం పెట్టించి, కెమెరాల ముందు ఆమె చేతికిచ్చారు. ఆఖరి రోగి కూడా కోలుకుని ఇంటికి వెళ్ళడం తన కళ్ళతో చూశానని చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. చేతికే గుడ్డ ఉండటం వల్ల అందుకు జేబురుమాలు వెతకాల్సిన పని కూడా పడలేదు.

నర్సు పిన్నిని వెనక మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్ళింది.

“ఎక్కడికమ్మాయ్?”

“డిశ్చార్జి అయినవాళ్ళంతా ఉన్న చోటికేనండీ. సభ అయ్యేదాకా నోరు మెదపకూడదు.”

ఆసుపత్రి వెనక దుప్పట్లు ఉతికే షెడ్డు ఉంది. నర్సు తలుపు తీసి, పిన్నిని లోపలికి తోసి, మళ్ళీ మూసింది. మాసిన దుప్పట్ల మూటల మీద, తిరగేసిన బకెట్ల మీద, బట్టల తొట్ల గట్ల మీద నలభై మంది కూర్చుని ఉన్నారు. ఒకాయన తన సెలైన్ సీసాని తనే ఎత్తి పట్టుకున్నాడు. ఒకావిడ నోట్లో థర్మామీటరు ఇంకా అలాగే ఉంది. ఎవరి మూతికీ మాస్కు లేదు. ఎవరూ సీలు అడగలేదు.

మూలన ఉన్న పెద్ద మూట మీద, కాలు చాపుకుని, చిక్కుపడ్డ జుట్టుతో అక్క కూర్చుని ఉంది.

పిన్ని వెళ్ళి వెనకాల ఇంకో మూట లాక్కుని కూర్చుని, సంచిలోంచి దువ్వెన తీసింది. నూనె అరచేతిలో పోసుకుంది. అక్క తల తిప్పబోతే “కదలకు” అని భుజం నొక్కింది. రైలుకి ఇంకా ఏడు గంటలుంది.

బయట మైదానంలో మైకులు ఒకసారి కూతపెట్టి, సర్దుకున్నాయి. మంత్రిగారి గొంతు రేకుల కప్పు మీదుగా స్పష్టంగా వినపడింది. ఈ క్షణాన ఈ ఆసుపత్రిలో ఒక్కరంటే ఒక్క రోగి కూడా లేడని ఆయన ప్రకటించారు. షెడ్డులో నలభై మందీ దగ్గు ఆపుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో అక్క తల తిప్పకుండానే గుసగుసగా అడిగింది.

“సీలుంటే గాని పురుగును కూడా రానివ్వట్లేదన్నారు. నిన్నెలా రానిచ్చారే?”

పిన్ని పాయ విడదీసి, చిక్కు దగ్గర వేలితో పట్టుకుని, మెల్లిగా దువ్వింది.

“నన్నూ డిశ్చార్జి చేశారక్కా.”